హెల్మెట్ లేకుండా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఎలా నడపాలి

"హెల్మెట్ లేదు కదా, ఇంక మీకు రూపాయి కూడా రాదు." యాక్సిడెంట్ అయిన ఇంటివాళ్లతో ఈ మాట ఎవరో ఒకరు అనేస్తారు. గుద్దిన కారు తరఫు మనిషి అంటాడు, స్టేషన్ దగ్గర తగిలిన మధ్యవర్తి అంటాడు, ఒక్కోసారి మన సొంత చుట్టాలే అంటారు. అప్పటికి మనిషి ఐసీయూలో ఉంటాడు, ఇంట్లోవాళ్లకి ఏమీ తోచదు, నిజమే కాబోలు అనుకుని చేతికొచ్చింది తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టేస్తారు. తర్వాత ఫిజియోథెరపీకీ రెండో ఆపరేషన్‌కీ అప్పులు చేస్తారు. ఇలాంటివి చూస్తే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి, ఎందుకంటే వాళ్లు విన్న మాట తప్పు.

హెల్మెట్ లేనంత మాత్రాన క్లెయిమ్, అంటే గుద్దిన వాహనం ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నష్టపరిహారం అడిగే హక్కు, పోదు. వచ్చే డబ్బులో కొంత కోత పడొచ్చు, అదీ అన్ని కేసుల్లో కాదు. ఎంత కోత పడుతుందన్నది చాలావరకు మీ చేతిలో ఉన్న కాగితాలను బట్టి ఉంటుంది. అందుకే ఏ కాగితం ఎప్పుడు తీసుకోవాలి, ఎక్కడ ఏం చెప్పాలి అన్నది వరసగా రాస్తున్నాను. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా చట్టం ఒకటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం.

ముందు రెండు ప్రశ్నలు విడదీసుకోండి

ఒకటి, గుద్దుకోవడం ఎవరి వల్ల జరిగింది. రెండు, దెబ్బ ఇంత పెద్దది ఎందుకైంది. హెల్మెట్‌కి మొదటి ప్రశ్నతో సంబంధమే లేదు. సిగ్నల్ దాటుకుని వచ్చిన లారీ మీ బండిని గుద్దితే, మీ తల మీద హెల్మెట్ ఉన్నా లేకపోయినా ఆ లారీ గుద్దేది. రెండో ప్రశ్న దగ్గర మాత్రమే హెల్మెట్ మాట వస్తుంది, అది కూడా తలకు దెబ్బ తగిలి ఉంటేనే.

చట్టంలో 129వ సెక్షన్ ప్రకారం నడిపేవాళ్లకీ వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే 194డి కింద 1,000 రూపాయల ఫైన్, 3 నెలలు లైసెన్స్ సస్పెన్షన్. ఆ తప్పుకి శిక్ష అదే. ఆ తప్పు చేశారు కాబట్టి నష్టపరిహారం అడిగే హక్కు పోతుందని చట్టంలో ఎక్కడా లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టకుండా తప్పించుకోవడానికి ఏయే కారణాలు చెప్పొచ్చో 150వ సెక్షన్‌లో పట్టీ ఉంది. తమ దగ్గర పాలసీ ఉన్న వాహనం డ్రైవర్‌కి లైసెన్స్ లేకపోవడం, తాగి నడపడం, పర్మిట్ లేకుండా తిప్పడం, ఇలాంటివి. దెబ్బతిన్న మనిషికి హెల్మెట్ లేదన్నది ఆ పట్టీలో లేదు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎవరైనా భయపెడితే "150లో ఎక్కడుందో చూపించండి" అని అడగొచ్చు.

మరి కంపెనీ లాయర్లు హెల్మెట్ మాట ఎందుకు ఎత్తుతారంటే, కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అనే వాదన కోసం. మీ నష్టంలో మీ నిర్లక్ష్యం కూడా కొంత ఉంది కాబట్టి ఆ మేరకు శాతం తగ్గించమంటారు. దీని మీద సుప్రీంకోర్టు 2020 జనవరిలో మహమ్మద్ సిద్ధిఖ్ వర్సెస్ నేషనల్ ఇన్సూరెన్స్ కేసులో చాలా పనికొచ్చే మాట చెప్పింది. అది హెల్మెట్ కేసు కాదు, ఒక బండి మీద ముగ్గురు వెళ్లిన కేసు. రూల్ తప్పినంత మాత్రాన నిర్లక్ష్యం అని తేల్చేయకూడదు, ఆ తప్పుకీ యాక్సిడెంట్‌కీ సంబంధం ఉండాలి, లేదా ఆ తప్పుకీ తగిలిన దెబ్బకీ సంబంధం ఉండాలి, అది రుజువు కావాలి అని కోర్టు చెప్పింది. అంతకుముందు 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో లైసెన్స్ లేకుండా బండి నడిపిన కుర్రాడి విషయంలో కూడా ఇదే దారిలో వెళ్లింది. ఈ రెండు పేర్లు మీ లాయర్‌కి తెలిసే ఉంటాయి, అయినా మీరు కూడా ఒకసారి అడగండి.

ఇందులో మనకు అనుకూలమైనదీ ఉంది, ప్రతికూలమైనదీ ఉంది. కాలు విరిగితే హెల్మెట్‌కీ కాలికీ సంబంధం లేదు, కోత పడకూడదు. పుర్రె పగిలితే మాత్రం ఆ రెండో సంబంధం ఉందని కంపెనీ గట్టిగా వాదిస్తుంది. హైకోర్టుల తీర్పులు కూడా ఒకేలా లేవు, కొన్ని కేసుల్లో శాతం తగ్గించారు, కొన్నింటిలో అసలు తగ్గించలేదు. కాబట్టి తలకు దెబ్బ ఉన్న కేసుని మొదటి రోజు నుంచే జాగ్రత్తగా కట్టుకోవాలి.

మొదటి వారం

వైద్యం ముందు, మిగతావన్నీ తర్వాత. 108కో 112కో ఫోన్ చేయండి. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకి యాక్సిడెంట్ అయిన రోజు నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల దాకా చికిత్స గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో డబ్బు కట్టకుండా అందాలి. దీనికి హెల్మెట్‌తో ముడి లేదు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఈ పథకం పేరు చెప్పి అడగండి, అడగకపోతే చాలా చోట్ల వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించండి. ఎలా జరిగిందని అడిగితే "బండి మీద నుంచి పడ్డాడు" అని చెప్పి ఊరుకోకండి. కంగారులో అందరూ చెప్పేది అదే, కేస్ షీట్‌లో అదే ఎక్కుతుంది, రెండేళ్ల తర్వాత కంపెనీ లాయర్ ఆ ఒక్క వాక్యం పట్టుకుని "తనంతట తనే పడ్డాడు, ఏ కారూ గుద్దలేదు" అంటాడు. "ఫలానా చోట, ఫలానా టైంకి, వెనక నుంచి కారు గుద్దింది" అని చెప్పండి. నంబర్ తెలిస్తే నంబర్ కూడా చెప్పండి.

స్టేషన్‌లో ఫిర్యాదు మీ తరఫున మీరే ఇవ్వండి. దెబ్బతిన్న మనిషి స్పృహలో లేకపోతే భార్య, అన్న, స్నేహితుడు ఎవరైనా ఇవ్వొచ్చు. మీరు ఆస్పత్రిలో ఉన్న రెండు మూడు రోజుల్లో అవతలివాళ్లు ముందే వెళ్లి "బైకు వాడే రాంగ్ రూట్‌లో వచ్చాడు" అని రాయించే సందర్భాలు ఉన్నాయి, అలా జరిగితే ఆ తర్వాత మొత్తం కేసు ఎదురీతే. ఇప్పుడు ఎఫ్ఐఆర్‌లో సాధారణంగా భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్లు వేస్తారు, మనిషి చనిపోతే 106. ఫిర్యాదులో హెల్మెట్ గురించి మీ అంతట మీరు రాయాల్సిన పని లేదు, కానీ అడిగితే ఉన్నదే చెప్పండి. ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే ఎస్పీకో కమిషనర్‌కో రాతపూర్వకంగా పంపండి, అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఫొటోలు తీయించండి. రోడ్డు, బండి ఏ వైపు నుంచి నలిగింది, కారు బంపర్, బ్రేకు గుర్తులు. దగ్గర్లో పెట్రోల్ బంక్, ఏటీఎం, కిరాణా షాపు కెమెరాలు ఉంటే ఆ రోజే వెళ్లి అడగండి, చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాత వీడియో చెరిగిపోతుంది. గుద్దడం ఎవరి తప్పో ఎంత గట్టిగా తేలితే హెల్మెట్ వాదన అంత బలహీనపడుతుంది.

హెల్మెట్ పెట్టుకుని ఉండి అది పగిలినా, ఊడిపోయినా, దాన్ని పారేయకండి. చాలామంది ఇంట్లో అపశకునమని పడేస్తారు. అది సాక్ష్యం. స్ట్రాప్ తెగిందా, బకిల్ పెట్టి ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా, ఇవన్నీ తర్వాత ప్రశ్నలవుతాయి. చట్టం అడిగేది తల మీద పెట్టుకోవడం ఒక్కటే కాదు, స్ట్రాప్ సరిగ్గా బిగించి ఉండాలి. స్ట్రాప్ పెట్టుకోని హెల్మెట్ ఎగిరిపోతే, అసలు లేనట్టే అని వాదిస్తారు.

దెబ్బలను కాగితం మీద విడగొట్టండి

ఈ గైడ్‌లో మీరు ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి.

బండి ప్రమాదంలో సాధారణంగా దెబ్బ ఒకచోటే ఉండదు. కాలి ఎముక విరుగుతుంది, భుజం జారుతుంది, నుదురు చిట్లుతుంది. ఆస్పత్రివాళ్లు డిశ్చార్జ్ సమ్మరీలో పైన "పాలీట్రామా విత్ హెడ్ ఇంజురీ" (తల గాయంతో పాటు చాలాచోట్ల దెబ్బలు) అని ఒక్క ముక్కలో రాస్తారు. కంపెనీ కౌంటర్ (మీ కేసుకి రాతపూర్వక జవాబు) వేసేటప్పుడు ఆ ముక్కనే పట్టుకుంటుంది, మొత్తం గాయాలన్నీ తల గాయం కింద కలిపేసి, మొత్తం డబ్బు మీద కోత అడుగుతుంది. మీరు చేయాల్సింది దానికి సరిగ్గా ఎదురు పని.

వూండ్ సర్టిఫికెట్‌లో ప్రతి గాయం విడివిడిగా, ఏది మామూలు గాయం, ఏది తీవ్రమైనది అని ఉందో లేదో చూడండి. లేకపోతే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. సీటీ స్కాన్ రిపోర్ట్ వేరు, ఎక్స్‌రే వేరు, ఆపరేషన్ నోట్స్ వేరు, ఒక్కోదానికి ఒక్కో కవర్ పెట్టండి. బిల్లులు కూడా ఆర్థోవి ఒక కట్ట, న్యూరోవి ఒక కట్ట. మెడికల్ షాపు బిల్లు మీద పేషెంట్ పేరు, తేదీ తప్పనిసరిగా ఉండాలి, ప్రిస్క్రిప్షన్ జత చేయాలి. డిసేబిలిటీ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు కాలి వల్ల ఎంత శాతం, తల వల్ల ఎంత శాతం అని విడిగా రాయమనండి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూపిస్తాను. 32 ఏళ్ల టైల్స్ మేస్త్రీ, నెలకి 18,000 సంపాదన అనుకోండి. తొడ ఎముక విరిగి, సరిగ్గా అతక్క, కింద కూర్చోలేకపోతున్నాడు. నుదుటి మీద గాయం కుట్లు వేస్తే మానిపోయింది, స్కాన్‌లో ఏమీ లేదు. కాలు వల్ల సంపాదించే శక్తి 30 శాతం పోయిందని క్లెయిమ్ విచారించే ట్రిబ్యునల్ ఒప్పుకుంది. సొంతంగా పని చేసుకునేవాళ్లకి, వయసు 40 లోపు ఉంటే, ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 2017 ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం. అంటే నెలకి 25,200, ఏడాదికి 3,02,400. 31 నుంచి 35 ఏళ్ల వయసుకి 2009 సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని గుణించే అంకె, 16. అలా గుణించి అందులో 30 శాతం తీస్తే 14,51,520 రూపాయలు. ఇప్పుడు కంపెనీ హెల్మెట్ లేదని 15 శాతం కోత అడిగిందనుకోండి. మొత్తం మీద కోస్తే 2,17,728 రూపాయలు పోతాయి. అదే, నుదుటి గాయానికి అయిన 40,000 బిల్లు మీద మాత్రమే కోస్తే పోయేది 6,000.

ఒకే మనిషి, ఒకే యాక్సిడెంట్. కాగితాలు విడగొట్టడం వల్ల వచ్చే తేడా రెండు లక్షల పైమాటే. ఇలా విడగొట్టి చూడమని అడిగితే ట్రిబ్యునల్ ప్రతిసారీ ఒప్పుకుంటుందని గ్యారంటీ ఇవ్వలేను, అడగని వాళ్లకి మాత్రం మొత్తం మీద కోత పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇక నిజంగానే తలకు పెద్ద దెబ్బ తగిలిన కేసు. ఇక్కడ కూడా చేతులెత్తేయకండి. హెల్మెట్ ఉంటే ఈ గాయం తప్పేదా, తగ్గేదా అన్నది వైద్యం తేల్చాల్సిన ప్రశ్న. లారీ చక్రం పైనుంచి వెళ్లిన కేసులో హెల్మెట్ ఏం ఆపుతుంది? దవడ పగిలితే, చాలామంది పెట్టుకునే హాఫ్ హెల్మెట్ దవడని కాపాడదు. మెడ వెన్నుపూస దెబ్బతింటే అదీ వేరే సంగతి. మీ తరఫున డాక్టర్ సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ విషయం ఆయన నోట రావాలి, ముందే మీ లాయర్‌తో మాట్లాడి పెట్టుకోండి. అవతలి కంపెనీ తన వైపు నుంచి డాక్టర్‌ని పిలవకుండా, ఊరికే "హెల్మెట్ లేదు" అని వాదించి ఊరుకుంటే, రుజువు చేయాల్సిన భారం వాళ్లదని, వాళ్లు చేయలేదని గట్టిగా చెప్పించండి.

అయితే హెల్మెట్ తలని కాపాడుతుందన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. హెల్మెట్ వల్ల తల గాయాలు 69 శాతం, మరణాలు 42 శాతం తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. మన దేశంలో 2022లో ఒక్క ఏడాదిలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదికలో ఉంది, వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. కంపెనీ లాయర్ దగ్గర ఇలాంటి అంకెలు ఉంటాయి. "హెల్మెట్ వల్ల ఉపయోగం లేదు" అని వాదించి మన పరువు పోగొట్టుకోవద్దు. "ఈ గాయానికి, ఈ దెబ్బకి సంబంధం చూపించండి" అన్నదే మన వాదన.

తలకు దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఇంకొకటి. బయటికి బాగానే కనిపిస్తారు, కానీ వాసన తెలియదు, పేర్లు మర్చిపోతారు, చిన్నదానికే కోపం, ఫిట్స్. వీటిని ఇంట్లోవాళ్లు "పాపం, అలా అయిపోయాడు" అనుకుని వదిలేస్తారు, కాగితం మీదకి ఎక్కవు. న్యూరాలజిస్ట్‌కి చూపించి రాయించండి. కొంత కోత పడినా సరే, అసలు మొత్తమే పెరిగితే మీ చేతికి వచ్చేది ఎక్కువే.

హెల్మెట్ ఉందని అబద్ధం చెప్పకండి

ట్రిబ్యునల్‌లో చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం రాసిచ్చే కాగితం) అయ్యాక క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ లాయర్ దాదాపు ఇలాగే అడుగుతాడు:

"ప్రమాదం జరిగినప్పుడు మీరు హెల్మెట్ పెట్టుకుని ఉన్నారా?"

"లేదండీ."

"హెల్మెట్ పెట్టుకుని ఉంటే మీకు ఇంత దెబ్బ తగిలేది కాదు, నిజమేనా?"

ఇక్కడే చాలామంది "అవునండీ" అనేస్తారు, లేదా కంగారుపడి మొదటి ప్రశ్నకే "పెట్టుకున్నానండీ" అంటారు. రెండూ నష్టమే. పెట్టుకున్నానని చెప్పాక, వాళ్లు పంచనామా తీస్తారు, అందులో ఘటనా స్థలంలో హెల్మెట్ ఉన్నట్టు ఉండదు. సీసీ కెమెరా ఫుటేజీ ఉండొచ్చు, అదే రోజు ఉదయం పడిన ఈ-చలాన్ ఫొటోలో మీ తల స్పష్టంగా కనిపించొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో మీ జీతం గురించి, కారు స్పీడు గురించి మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. మొదటి ప్రశ్నకి నిజం చెప్పండి. రెండోదానికి "కారు వచ్చి గుద్దడం వల్ల దెబ్బ తగిలిందండీ, నాకు విరిగింది కాలు" అని, లేదా "అది డాక్టర్ గారు చెప్పాలండీ" అని చెప్పండి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు.

వెనక కూర్చున్నవాళ్లైతే

మన ఊళ్లలో వెనక కూర్చున్న ఆడవాళ్లు హెల్మెట్ పెట్టుకోవడం ఇప్పటికీ తక్కువే. వాళ్లు బండి నడపలేదు కాబట్టి గుద్దుకోవడంలో వాళ్ల తప్పు అనే ప్రశ్నే రాదు. తలకు దెబ్బ తగిలితే హెల్మెట్ వాదన వస్తుంది, అంతే. రెండు బండ్ల డ్రైవర్లదీ తప్పు ఉంటే, వెనక కూర్చున్న మనిషి మొత్తం డబ్బుని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక జాగ్రత్త: తప్పు పూర్తిగా మీరు ఎక్కిన బండి నడిపినవాళ్లదే అయితే, ఆ బండికి ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాళ్లకి కవర్ రాదు, ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ ఉంటే వస్తుంది. పాలసీ కాపీ తెప్పించి చూడండి. భర్త నడుపుతుంటే భార్యకి దెబ్బ తగిలిన కేసుల్లో, భర్తని ప్రతివాదిగా చేర్చడానికి ఇంట్లో ఇబ్బంది పడతారు. డబ్బు కట్టేది కంపెనీ, కాబట్టి అవసరమైతే చేర్చండి.

కేసు (ఓపీ) ఎక్కడ, ఎప్పుడు

మన దగ్గర ఈ కేసుల్ని ఎంవీఓపీ (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్), పొట్టిగా ఓపీ అంటారు, 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేస్తారు. యాక్సిడెంట్ జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే ఊళ్లో కూడా వేయొచ్చు. హైదరాబాద్‌లో గుద్దితే గుంటూరులో వేసుకోవచ్చు. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గుర్నీ ప్రతివాదులుగా చేర్చండి.

యాక్సిడెంట్ అయిన రోజు నుంచి 6 నెలల్లో ఓపీ వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి పెట్టారు. ఈ గడువు మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అయినా మీరు దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి, 6 నెలల లోపే వేసేయండి. చికిత్స ఇంకా నడుస్తున్నా పర్వాలేదు, డిసేబిలిటీ సర్టిఫికెట్ తర్వాత ఇవ్వొచ్చు.

పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి రిపోర్ట్, 90 రోజుల్లో వివరమైన రిపోర్ట్ ట్రిబ్యునల్‌కి పంపాలి. ఆ వివరమైన రిపోర్ట్‌నే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చు కూడా. దాని కాపీ తెచ్చుకుని, హెల్మెట్ గురించి, ఎవరి తప్పు అన్నదాని గురించి ఏం రాశారో ముందే చదవండి. ఛార్జ్‌షీట్, రఫ్ స్కెచ్, ఎంవీఐ (మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్ట్ కూడా అంతే. ఎంవీఐ రిపోర్ట్‌లో మీ బండికి వెనక వైపు డ్యామేజీ అని ఉంటే, వెనక నుంచి గుద్దారన్న మీ మాటకి అంతకంటే గట్టి బలం ఇంకోటి లేదు.

లాయర్ విషయంలో ఒక్క మాట. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకండి. వచ్చినదాంట్లో ఇంత శాతం అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

తప్పు మీదే అయితే, లేదా బండి దొరక్కపోతే

కుక్క అడ్డొచ్చి మీరే పడిపోతే, 166 కింద అడగడానికి అవతల ఎవరూ లేరు. అప్పుడు మీ సొంత పాలసీలోని పర్సనల్ యాక్సిడెంట్ కవర్ చూడండి, ఓనర్ కమ్ డ్రైవర్‌కి 15 లక్షలు ఉంటుంది. మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే ఇది వస్తుంది, మామూలు ఫ్రాక్చర్‌కి రాదు. బండి మీ పేరు మీద ఉండాలి, లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. పాలసీ రెన్యూ చేసేటప్పుడు నాలుగు వందలు మిగులుతాయని దీన్ని తీసేయించుకునేవాళ్లు ఉన్నారు, దయచేసి అలా చేయకండి.

గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. దరఖాస్తు రెవెన్యూ ఆఫీసులో, తహసీల్దార్ లేదా ఆర్డీవో దగ్గర. ఇక్కడ హెల్మెట్ కోత అనేది లేదు.

164వ సెక్షన్ కింద ఎవరి తప్పో నిరూపించక్కర్లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. హెల్మెట్ గొడవ లేకుండా త్వరగా తేలుతుంది కాబట్టి ఆశగా ఉంటుంది. కానీ అది తీసుకుంటే 166 కింద వేసిన ఓపీ రద్దయిపోతుంది. పైన లెక్క చూశారుగా, మేస్త్రీకి రావాల్సింది 14 లక్షల పైన. రెండూ లెక్కేసుకున్నాకే సంతకం పెట్టండి.

లోక్ అదాలత్, అప్పీలు

కంపెనీవాళ్లు లోక్ అదాలత్‌లో హెల్మెట్ లేదన్న మాటతోనే బేరం మొదలుపెడతారు. రాజీ పడటం తప్పేమీ కాదు, ఏళ్లు ఆగలేని ఇళ్లు ఉంటాయి. వెళ్లే ముందు మీ లెక్క మీరు కాగితం మీద వేసుకోండి, హెల్మెట్ కోత పడితే ఎంత, పడకపోతే ఎంత అని రెండు అంకెలు రాసుకోండి, ఆ రెండింటి మధ్య ఎక్కడ ఒప్పుకుంటారో ఇంట్లో అందరూ కలిసి ముందే అనుకోండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు.

ట్రిబ్యునల్ తీర్పు వస్తే సర్టిఫైడ్ కాపీ తీసుకుని, హెల్మెట్ పేరా ఎక్కడుందో వెతకండి. కోత వేసి ఉంటే, ఏ గాయానికి హెల్మెట్ కారణమో రాశారా, దానికి ఏ డాక్టర్ సాక్ష్యం చూపించారో, కోత తల గాయం మీదే వేశారా లేక మొత్తం మీదా అన్నది చూడండి. కారణం రాయకుండా "హెల్మెట్ లేదు కాబట్టి" అని శాతం తగ్గించి ఉంటే హైకోర్టులో అప్పీలుకి అదే మంచి కారణం. తీర్పు తేదీ నుంచి 90 రోజులు టైం ఉంటుంది, వివాదంలో ఉన్న మొత్తం లక్ష లోపైతే మాత్రం అప్పీలు కుదరదు. అప్పీలు నడుస్తున్నా ట్రిబ్యునల్ ఇచ్చిన డబ్బు తీసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఓపీ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా లెక్కలో ఉంటుంది, సాధారణంగా ఏడాదికి 6 నుంచి 9 శాతం. ఆ వడ్డీ సరిగ్గా కలిపారో లేదో చెక్కు తీసుకునే ముందు ఒకసారి లెక్కేసుకోండి.